కుట్నా హోరా వెండి గనులు, మధ్యయుగపు చర్చిలు: అమ్మానాన్నలతో ఒక రోజులో ఎలా చూడాలి?

లైప్‌జిగ్_విద్యార్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదువుకుంటున్నాను. మే నెలలో అమ్మానాన్నలు ఇక్కడికి వస్తున్నారు. వారిని రైల్లో డ్రెస్డెన్ మీదుగా ప్రాగ్ తీసుకువెళ్లి, అక్కడి నుంచి ఒక రోజు చెక్ దేశంలోని కుట్నా హోరా అనే పాత వెండి గనుల ఊరు చూపించాలని అనుకుంటున్నాను. ప్రాగ్‌లో చూడవలసినవి ఎన్నో ఉండగా ఈ చిన్న ఊరినే ఎంచుకోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. నాన్నగారు సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ మెదక్ పక్కన ఒక పల్లెలో పుట్టి పెరిగింది. ప్రతి క్రిస్మస్‌కీ మెదక్ చర్చికి నడిచి వెళ్లిన జ్ఞాపకాలు ఆమెకు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. గని, చర్చి రెండూ ఒకే చోట, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ఊరు అని చదివిన తరువాత, ఇద్దరికీ మనసుకు దగ్గరయ్యే చోటు ఇదేననిపించింది.

నా సందేహాలు ఇవి. ఆ ఊళ్లో సెయింట్ బార్బరా చర్చి, సెయింట్ జేమ్స్ చర్చి, సెడ్లెట్స్ మఠం చర్చి, ఎముకలతో అలంకరించిన ప్రార్థనాలయం, గని మ్యూజియం, పాత టంకశాల అన్నీ ఉన్నాయని తెలిసింది. ఒక్క రోజులో వీటిలో ఏవి చూడవచ్చు, ఏ వరుసలో చూస్తే ఆ ఊరి కథ మనసుకు సరిగ్గా ఎక్కుతుంది? గనిలోకి దిగే సందర్శన అరవై దాటిన నాన్నగారికి ఇబ్బంది కలిగిస్తుందా? అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి ఆమె దిగలేదు; ఆ సమయంలో ఆమె ఎక్కడ కూర్చోవచ్చు? ఎముకల ప్రార్థనాలయం గురించి విన్నప్పటి నుంచి అమ్మ కాస్త బెదిరిపోయి ఉంది. భక్తి గల మనిషిని అక్కడికి తీసుకువెళ్లడం సరైనదేనా, లేక అది కేవలం వింత చూడడానికి వచ్చేవారి చోటా? వెళ్లి వచ్చినవారు వివరంగా చెప్పగలిగితే కృతజ్ఞుడిని.

రాతిగోపురం

మీరు ఎంచుకున్న ఊరు చాలా మంచిది. నేను చాలా కాలంగా ప్రాగ్‌లో ఉంటున్నాను, ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ కుట్నా హోరాకు తీసుకువెళుతుంటాను. నా సలహా ఒక్క మాటలో చెప్పాలంటే, ముందు గనిలోకి దిగండి, తరువాతే చర్చి గడప తొక్కండి. ప్రాగ్ నుంచి వచ్చే యాత్రికులలో ఎక్కువమంది ఎముకలు చూసి, సెయింట్ బార్బరా ముందు ఫోటో దిగి, తిరుగు రైలు ఎక్కేస్తారు. ఆ చర్చిని కట్టించిన డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత కష్టంతో వచ్చిందో తెలియకుండా చూస్తే అది ఐరోపాలోని ఎన్నో అందమైన చర్చిలలో ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది.

ఊరి కథ క్లుప్తంగా చెబుతాను. 13వ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఇక్కడ వెండి ఖనిజం పెద్ద ఎత్తున బయటపడింది. నలుమూలల నుంచి, ముఖ్యంగా జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి, గని పనివారు వేలాదిగా తరలివచ్చారు. కొద్ది కాలంలోనే ఇది చెక్ రాజ్యంలో ప్రాగ్ తరువాత అంత ముఖ్యమైన పట్టణమైపోయింది. రాజు రెండవ వాత్స్లావ్ 1300లో రెండు పెద్ద పనులు చేశాడు. రాజ్యంలో అక్కడక్కడా ఉన్న టంకశాలలను ఇక్కడికే చేర్చి, ఫ్లోరెన్స్ నుంచి నిపుణులను రప్పించి, ప్రాగ్ గ్రోషెన్ అనే వెండి నాణేన్ని ముద్రించడం మొదలుపెట్టించాడు. దానితో పాటు గనుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం రాయించాడు. గని హక్కులు ఎవరివి, కూలి ఎలా ఇవ్వాలి, పనివేళలు ఏమిటి, లోపలికి గాలి ఎలా ఆడాలి, నీటిని ఎలా బయటికి పంపాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఏడు వందల ఏళ్ల క్రితం గని కార్మికుడి పని గురించి ఇంత వివరంగా ఆలోచించిన రాజ్యం ఉందని తెలిసినప్పుడు నాకు నిజంగా గౌరవం కలిగింది.

ఆ నిపుణులు ఇటలీ నుంచి వచ్చినవారు కాబట్టి టంకశాల భవనాన్ని ఇప్పటికీ ఇటాలియన్ కోర్ట్ అనే పిలుస్తారు. ముంగిలిలో నిలబడితే, చుట్టూ గోడల్లో పూడ్చివేసిన తలుపుల ఆనవాళ్లు కనిపిస్తాయి. నాణేలు కొట్టే వారి గదులు అవి. ఒక్కొక్క గదిలో మనుషులు దిమ్మె ముందు కూర్చుని, వెండి బిళ్లను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చును దాని మీద ఆనించి సుత్తితో కొట్టేవారు. నాణేనికి ఒక వైపు కిరీటం, మరో వైపు రెండు తోకల సింహం. ఇదే భవనం తరువాత రాజుల విడిది కూడా అయింది. 1471లో వ్లాదిస్లావ్‌ను చెక్ రాజుగా ఎన్నుకున్నది ఇక్కడే.

మీరు లైప్‌జిగ్ వారు కాబట్టి ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1409లో నాలుగవ వాత్స్లావ్ కుట్నా హోరాలో ఒక ఆజ్ఞ జారీ చేసి, ప్రాగ్ విశ్వవిద్యాలయంలో చెక్ వర్గానికి మూడు ఓట్లు, మిగిలిన మూడు వర్గాలకూ కలిపి ఒకటే ఓటు అని మార్చాడు. దానితో కోపగించుకున్న జర్మన్ ఆచార్యులు, విద్యార్థులు ప్రాగ్ విడిచి వెళ్లిపోయారు. వారిలో చాలామంది చేరిన చోటే అదే ఏడాది లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం మొదలైంది. మీరు చదువుతున్నది అక్కడే అయితే, దాని పుట్టుకకు కారణమైన సంతకం పడిన ఊరికి మీరు వెళుతున్నారు.

ఇక సెయింట్ బార్బరా చర్చి. బార్బరా గని పనివారిని కాపాడే పునీతురాలు. ప్రమాదంలో, హఠాన్మరణంలో దిక్కుగా ఆమెను తలచుకునేవారు. 1388లో పని మొదలైంది. ఊరి గనులున్న నేల చాలావరకు సెడ్లెట్స్ మఠం అధికారంలో ఉండేది కాబట్టి, మఠం మాట చెల్లని చోట తమకంటూ ఒక చర్చి కావాలని సంపన్నులైన పట్టణవాసులు నిశ్చయించి, మఠం పరిధికి వెలుపల, లోయ అంచున ఉన్న స్థలాన్ని ఎంచుకున్నారు. మొదటి శిల్పి యాన్ పార్లెర్. ప్రాగ్‌లోని సెయింట్ వీటస్ కెథడ్రల్ నిర్మాణాన్ని నడిపించిన పేటర్ పార్లెర్ కుమారుడు. హుస్సైట్ యుద్ధాల (మతసంస్కర్త యాన్ హుస్ అనుచరులకూ క్యాథలిక్ పక్షానికీ మధ్య జరిగిన పోరాటాల) వల్ల అరవై ఏళ్లకు పైగా పని ఆగిపోయి, 1482లో మళ్లీ మొదలైంది. గర్భాలయం వైపు కప్పును మాతెయ్ రైసెక్ పూర్తి చేశాడు. ఆ తరువాత వచ్చిన బెనెడిక్ట్ రీడ్, ప్రాగ్ కోటలోని వ్లాదిస్లావ్ సభామండపాన్ని కట్టినవాడు, ఇక్కడి ప్రధాన మండపం పైకప్పును తన పద్ధతిలో రూపొందించాడు.

ఆ పైకప్పు కింద పది నిమిషాలు కూర్చోమని మీ అమ్మగారికి నా తరఫున చెప్పండి. స్తంభాల నుంచి పైకి లేచిన రాతి పక్కటెముకలు నేరుగా వెళ్లి కలవవు. అవి వంపు తిరిగి, ఒకదానినొకటి దాటి, ఆరు రేకుల పూవులను గీస్తూ సాగిపోతాయి. వాటి మధ్య రంగురంగుల చిహ్నాలు ఉన్నాయి. రాజుదీ రాజ్యానిదీ మాత్రమే కాక, ఊరి వృత్తి సంఘాల చిహ్నాలు కూడా అక్కడే ఉన్నాయి. చర్చి వెనుక భాగంలో గర్భాలయం చుట్టూ తిరిగే దారిలో చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు వరుసగా ఉంటాయి. నాణేల పనివారి మందిరంలో 15వ శతాబ్దపు కుడ్యచిత్రంలో, పనిలో ఉన్న నాణేకారుడే కనిపిస్తాడు, సుత్తి చేతిలోనే ఉంటుంది. దేవదూతలు, పునీతులు ఉండవలసిన చోట, రోజు కూలి చేసుకునే మనిషిని తన పనిముట్టుతో సహా గీయించుకున్న చర్చిలు మధ్యయుగపు ఐరోపాలో చాలా తక్కువ. చర్చి లోపల తెల్లని పనిబట్టతో, చేత దీపం పట్టుకున్న గని కార్మికుడి విగ్రహం కూడా ఉంది. అది 1700 ప్రాంతంలో చేసినది. నాన్నగారిని దాని ముందు కాసేపు నిలబెట్టండి.

16వ శతాబ్దంలో గనుల లోతు పెరిగి, నీరు ముంచెత్తి, వెండి తగ్గిపోయింది. అనుకున్నంత పొడవు కట్టకుండానే పడమటి వైపు తాత్కాలికంగా ఒక గోడ పెట్టి ఆపేశారు. ఆ తాత్కాలికం మూడు వందల ఏళ్లకు పైగా నిలిచింది. ఇప్పుడు మనం చూసే ముఖభాగం 19వ శతాబ్దం చివర మొదలుపెట్టి 1905లో పూర్తి చేసినది. బయట నుంచి చూస్తే గుడారాల్లా కనిపించే మూడు కప్పులు, గోడలను దూరం నుంచి ఆనుకుని నిలబెట్టే రాతి వంతెనలు లోయ వైపు నుంచి చాలా బాగా కనిపిస్తాయి.

అమ్మగారు కూర్చునే చోటు గురించి అడిగారు. గని మ్యూజియం ఉన్న హ్రాదెక్ భవనం నుంచి సెయింట్ బార్బరాకు వెళ్లే దారి పాత జెసూట్ కళాశాల పక్కగా సాగుతుంది. ఆ దారికి ఒక వైపు రాతి పిట్టగోడ మీద పునీతుల విగ్రహాలు వరుసగా నిలబడి ఉంటాయి, కింద లోయ కనిపిస్తుంది. మే నెలలో అక్కడ కూర్చోవడానికి హాయిగా ఉంటుంది. దారి రాళ్లు పరిచినది కాబట్టి మెత్తని అడుగున్న చెప్పులు కాకుండా పట్టు గల బూట్లు వేసుకుంటే మంచిది.

యైటింక్లైన్_కాలనీ

మీ నాన్నగారు సింగరేణి మనిషి అని చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్న కూడా సింగరేణి బాయిలోనే (గనిలోనే) పనిచేశాడు, మా ఇంట్లో అందరి రోజులూ షిఫ్టుల లెక్కనే నడిచేవి. ఆయనను నేను హ్రాదెక్ గనికి తీసుకువెళ్లాను కాబట్టి, గని సందర్శన గురించి మీకు కాస్త వివరంగా చెప్పగలను.

సందర్శనలో మొదట మ్యూజియంలో పరికరాలు చూపిస్తారు. ఖనిజాన్ని, నీటిని పైకి తోడడానికి గుర్రాలు తిప్పిన పెద్ద కొయ్య యంత్రం ఒకటి అక్కడ నిలబెట్టి ఉంది. దాని ఇరుసు ముందు నాన్న చాలా సేపు నిలబడి, తాడు ఎక్కడ చుట్టుకుంటుంది, బ్రేకు ఎక్కడ అని గైడును నా చేత అడిగించాడు. తరువాత అందరికీ తెల్లని పొడుగాటి అంగీలు, హెల్మెట్లు, దీపాలు ఇస్తారు. ఆ తెలుపు అలంకారానికి కాదు. చీకట్లో పక్కవాడు కనిపించాలని మధ్యయుగపు కార్మికులు వేసుకున్న దుస్తులకు అది నమూనా. నడుము వెనుక తోలు ముక్క కట్టుకుని వాలు దారుల్లో జారుతూ దిగేవారట. వెలుగుకు కొవ్వుతో మండే చిన్న దీపం ఒక్కటే.

అక్కడి నుంచి మెట్లు దిగి, సుమారు 250 మీటర్ల మేర లోపలి సొరంగాల్లో నడవాలి. ఏడాది పొడవునా లోపల చల్లగా ఉంటుంది, గోడలు తడిగా ఉంటాయి, స్వెటర్ తప్పనిసరి. కొన్ని చోట్ల భుజాలు పక్కకు తిప్పి నడవాలి, మరికొన్ని చోట్ల నడుము బాగా వంచాలి. బొగ్గు బాయిల్లోని గ్యాలరీలకు అలవాటుపడిన మన వాళ్లకు ఈ వెండి గని సొరంగాలు విచిత్రంగా అనిపిస్తాయి. బొగ్గు పొర పరుచుకుని ఉంటుంది కాబట్టి మనం విశాలంగా తవ్వుకుంటూ పోతాం. ఇక్కడ వెండి ఖనిజం గట్టి రాతిలో సన్నని చీలికల్లో ఉండేది, ఆ చీలిక ఎటు పోతే మనిషి అటే దేకాడు. పక్క గోడల మీద ఉలి, సుత్తి గాట్లు ఇప్పటికీ చేతికి తగులుతాయి. మా నాన్న లోపలికి అడుగుపెట్టిన వెంటనే తలెత్తి రూఫ్ చూశాడు, పిడికిలితో మెల్లగా తట్టి చెవి పెట్టాడు. రూఫ్ గట్టిగా ఉంటే ఒక శబ్దం, బోలుగా ఉంటే మరొక శబ్దం వస్తుందని గనిలో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. గైడ్ అది గమనించి, మీరు గని మనిషా అని అడిగింది. ఔనని చెప్పగానే ఆమె మాట తీరే మారిపోయింది. మిగిలిన బృందానికి చెప్పని సంగతులు నాన్నకు ఆగి ఆగి చూపించింది.

ఒక చోట గైడ్ అందరి దీపాలూ ఆర్పమంటుంది. ఆ చీకటి నాకు భయం కలిగించింది, నాన్నకు మాత్రం అలవాటైనదే. మీ నాన్నగారికి గుండె జబ్బు, ఆయాసం, ఇరుకు చోట్ల భయం లేకపోతే నిస్సంకోచంగా దింపండి. మోకాళ్లు బాగుండాలి, ఎందుకంటే మెట్లు దిగి, వేరొక చోట ఎక్కి బయటకు రావాలి. బయటకు వచ్చాక సెయింట్ బార్బరా వైపు తిరిగి నడవవలసి ఉంటుంది. సోమవారాలు మ్యూజియం మూసి ఉంటుంది, చలికాలం నెలల్లో అసలు తెరవరు. మే నెల మీకు అనుకూలమే. బృందాలుగా పంపుతారు, బృందానికి కొద్దిమందినే తీసుకుంటారు కాబట్టి సమయం ముందే కేటాయించుకోండి. చెక్ భాషలో నడిచే బృందంలో పడితే సగం విషయం పోతుంది, ఇంగ్లీషు బృందం అడిగి తీసుకోండి.

15వ శతాబ్దం చివర గీసిన ఒక చిత్రపటం ఈ ఊరి గనులను అద్దం పట్టినట్టు చూపిస్తుంది. కింది భాగంలో తెల్లని ముసుగు అంగీలతో మనుషులు బొరియల్లో ఒంగి రాయి కొడుతుంటారు, మధ్యలో గుర్రాలు యంత్రం తిప్పుతుంటాయి, పైన ఖరీదైన దుస్తుల్లో వర్తకులు బల్ల చుట్టూ చేరి ఖనిజం బేరం చేస్తుంటారు. మ్యూజియం దుకాణంలో దాని నకలు దొరికితే నాన్నగారికి కొనిపెట్టండి. మా ఇంట్లో అది హాలులో ఉంది, కాలనీ వాళ్లు వచ్చినప్పుడల్లా దాని ముందు చర్చ నడుస్తుంది.

వాస్తు_విద్యార్థిని

పై ఇద్దరూ చెప్పినవి విలువైన సంగతులు. అయితే వరుస విషయంలో రాతిగోపురం గారితో నేను ఏకీభవించలేను. సెడ్లెట్స్‌తో మొదలుపెట్టమనే నేను చెబుతాను. ప్రాగ్ రైలు ఆగే ప్రధాన స్టేషన్ సెడ్లెట్స్ పక్కనే ఉంది, ఊరి నడిబొడ్డు అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరం. అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి రావడం అనవసరపు శ్రమ. అంతకంటే ముఖ్యమైన కారణం, కథ అసలు మొదలైందే ఇక్కడ. సెడ్లెట్స్‌లో సిస్టర్షియన్ అనే క్యాథలిక్ శాఖ సాధువులు 1142లో మఠం స్థాపించారు. చెక్ నేల మీద ఆ శాఖకు అదే మొదటి మఠం. వెండి బయటపడింది వారి భూముల్లోనే. ఆ సంపదతో 1300కు అటూ ఇటూ వారు కట్టించిన చర్చి, ఫ్రెంచి పద్ధతిలో చెక్ దేశంలో లేచిన తొలి పెద్ద గోతిక్ (మొనదేలిన తోరణాలు, ఎత్తైన గోడల మధ్యయుగపు శైలి) కట్టడాలలో ఒకటి. పట్టణం మఠాన్ని దాటిపోయి తన సొంత చర్చి కట్టుకున్న క్రమం అర్థం కావాలంటే, మఠాన్ని ముందు చూసి, సెయింట్ బార్బరాను తరువాత చూడడమే సహజం.

ఆ మఠం చర్చి గురించి ఎవరూ ఎక్కువగా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1421లో హుస్సైట్ సేనలు దాన్ని తగులబెట్టాయి. ఆ సంఘర్షణలో ఏ పక్షమూ దయ చూపలేదు. కుట్నా హోరాలోని క్యాథలిక్ గని యజమానులు, పనివారు అంతకు ముందే పట్టుబడ్డ హుస్సైట్లను గని బావుల్లోకి తోసి చంపారు. దాదాపు మూడు శతాబ్దాల పాటు చర్చి కప్పు లేకుండా మొండిగోడలతో నిలబడి ఉంది. 18వ శతాబ్దం మొదట్లో యాన్ బ్లాజెయ్ సాంతీనీ అనే శిల్పి దాన్ని తిరిగి నిలబెట్టాడు. ఆయన కాలంలో వంపులు, భారీ అలంకారాలతో కూడిన బరోక్ పద్ధతి రాజ్యమేలుతోంది, అయినా ఆయన పాత గోతిక్ గోడలకు తగ్గట్టుగా గోతిక్ రేఖలతోనే కొత్త కప్పును అల్లాడు. అక్కడి పక్కటెముకలు బరువు మోయవు, అవి పైకప్పు మీద గీసిన గీతల్లాంటివి. సెయింట్ బార్బరాలో రీడ్ అల్లిన పక్కటెముకలతో వీటిని పోల్చి చూస్తే, రెండు వందల ఏళ్ల తేడాలో ఒకే రూపాన్ని రెండు మనసులు ఎలా చూశాయో తెలుస్తుంది. లోపలి గోడలు లేత రంగులో, ఖాళీగా, వెలుగుతో నిండి ఉంటాయి. మెదక్ చర్చి లోపలి ప్రశాంతత తెలిసిన అమ్మగారికి ఆ చోటు తప్పకుండా నచ్చుతుంది. మెదక్ చర్చి 1914 నుంచి 1924 వరకు కట్టినది. దాని గోతిక్ రూపానికి మూలమైన కట్టడాల తరం ఎలా ఉండేదో ఇక్కడ ఆమె కళ్లారా చూడవచ్చు. 1783లో చక్రవర్తి రెండవ యోసెఫ్ మఠాన్ని రద్దు చేశాడు, 19వ శతాబ్దంలో దాని భవనాలు పొగాకు కర్మాగారమయ్యాయి. చర్చి మాత్రం దక్కింది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఊరి పాత భాగంతో, సెయింట్ బార్బరాతో పాటు ఈ చర్చి పేరు కూడా చేర్చారు.

ఇప్పుడు ఎముకల ప్రార్థనాలయం. అమ్మగారి బెరుకు అర్థం చేసుకోదగినదే, కానీ దాని చరిత్ర తెలిస్తే ఆ బెరుకు తగ్గవచ్చు. 13వ శతాబ్దంలో సెడ్లెట్స్ మఠాధిపతి ఒకరు పవిత్ర భూమికి వెళ్లి, క్రీస్తును సిలువ వేసిన గొల్గొతా నుంచి కొంత మట్టి తెచ్చి ఈ శ్మశానంలో చల్లాడని చెబుతారు. ఆ నేలలో సమాధి కావాలని ఐరోపా దూర ప్రాంతాల వారు సైతం కోరుకున్నారు. తరువాత 14వ శతాబ్దపు ప్లేగు, 15వ శతాబ్దపు యుద్ధాలు శ్మశానాన్ని నింపేశాయి. కొత్త సమాధులకు చోటు కోసం పాత ఎముకలను తీసి, శ్మశానంలోని సకల పునీతుల చర్చి కింది అంతస్తులో భద్రపరిచారు. అక్కడ నలభై వేల మందికి పైగా అస్థికలు ఉన్నాయని అంచనా. 1870లో ఫ్రాంటిషెక్ రింట్ అనే కొయ్యపనివాడు వాటిని ఇప్పుడు కనిపించే దండలుగా, దీపాల గుత్తిగా, ష్వార్జెన్‌బెర్గ్ అనే ప్రభు వంశపు చిహ్నంగా అమర్చాడు. గోడ మీద తన పేరు కూడా ఎముకలతోనే రాశాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రింట్ చేసిన అలంకారం నాకు మనసుకు పట్టదు. కానీ నాలుగు మూలల్లో ఉన్న పెద్ద ఎముకల పిరమిడ్లు, వాటి మీద ఉన్న కిరీటాలు వేరే ఉద్దేశంతో పెట్టినవి. మరణం ముందు అందరూ సమానమే, పునరుత్థానం అందరికీ ఉందన్న విశ్వాసం అందులో ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ పిరమిడ్లను విడదీసి, శుభ్రపరచి, తిరిగి పేర్చే పెద్ద పని కూడా చేపట్టారు. ముందస్తు అనుమతి లేనిదే ఫోటోలు తీయకూడదని నియమం పెట్టారు. కపాలాలతో సెల్ఫీలు దిగేవారి వల్ల ఆ చోటు గౌరవం దెబ్బతినడమే కారణం. ఆ నియమం వచ్చాక వాతావరణం చాలా మెరుగైంది. అమ్మగారు దిగకూడదనుకుంటే, అదే కట్టడం పై అంతస్తులో ఎముకలు లేని ప్రార్థనా మందిరం ఉంది. చాలామంది దాన్ని గమనించకుండానే వెళ్లిపోతారు. అక్కడ కూర్చుని ఆమె ప్రార్థన చేసుకోవచ్చు, మీరూ నాన్నగారూ కిందికి వెళ్లి రావచ్చు.

లైప్‌జిగ్_విద్యార్థి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. రూఫ్ తట్టి చెవి పెట్టడం గురించి చదివి నాన్నగారికి ఫోన్‌లో వినిపించాను. ఆ గనిలో రూఫ్‌కు ఆధారంగా ఏం వాడేవారని, నీళ్లు ఎలా తోడేవారని అప్పుడే ప్రశ్నలు మొదలుపెట్టారు. అమ్మ కూడా పై అంతస్తు మందిరం ఉందని తెలిసి కుదుటపడింది. వరుస విషయంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి కాబట్టి చివరి నిర్ణయం ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. సెయింట్ జేమ్స్ చర్చి గురించి ఎవరూ చెప్పలేదు, దాన్ని వదిలేయవచ్చా? శాకాహారం దొరుకుతుందా? అమ్మ మాంసం తినదు.

రాతిగోపురం

వాస్తు విద్యార్థిని గారు చెప్పిన కారణాలు బలమైనవే, ముఖ్యంగా మోకాళ్ల సంగతి. అయినా గని సమయం మీ చేతిలో ఉండదు. ఆన్‌లైన్‌లో మీకు దొరికిన ఇంగ్లీషు బృందం ఉదయానిదైతే స్టేషన్ నుంచి నేరుగా ఊళ్లోకి వెళ్లండి, మధ్యాహ్నానిదైతే సెడ్లెట్స్ ముందు చూడండి. ప్రధాన స్టేషన్ నుంచి ఊరి మధ్యకు చిన్న లోకల్ రైలు ఉంది, బస్సులూ ఉన్నాయి. ప్రాగ్ నుంచి రైలు ప్రయాణం గంటకు అటూ ఇటూ పడుతుంది. సెడ్లెట్స్ చర్చి, ఎముకల ప్రార్థనాలయం, సెయింట్ బార్బరా మూడింటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, సెడ్లెట్స్‌లోనే అది తీసుకోవచ్చు. గని మ్యూజియం టికెట్ వేరు.

నాన్నగారి రెండో ప్రశ్నలోనే ఆ ఊరి విధి ఉంది. నీటిని పైకి తెచ్చేందుకు మనుషులు, గుర్రాలు, తోలు సంచులు తప్ప వారి దగ్గర వేరే బలం లేదు. లోతు పెరిగే కొద్దీ నీరూ పెరిగింది. గాడిద అనే పేరున్న గని ఇక్కడ అన్నిటికంటే పెద్దది, ఐదు వందల మీటర్ల లోతుకు చేరిందని చెబుతారు. 16వ శతాబ్దంలో అది మునిగిపోవడంతో ఊరు మళ్లీ కోలుకోలేదు. ఆధారాలకు కొయ్య దూలాలే వాడారు. చుట్టుపక్కల అడవులన్నీ ఆ దూలాలకు, ఖనిజం కరిగించే కొలుముల బొగ్గుకు పోయాయి.

సెయింట్ జేమ్స్‌ను వదలవద్దు, అది ఇటాలియన్ కోర్ట్ పక్కనే ఉంది. 1330 ప్రాంతంలో మొదలైన చర్చి, అంటే సెయింట్ బార్బరా కంటే పాతది. లోపలికి వెళ్లలేకపోయినా బయట నిలబడి పైకి చూడండి. ఉత్తరపు గోపురం 80 మీటర్లు దాటి ఆకాశంలోకి పోతుంది, దక్షిణపు గోపురం మాత్రం చర్చి కప్పు దగ్గరే ఆగిపోయింది. కింద నేలంతా గనుల తవ్వకాలతో బోలుగా ఉండడం వల్ల రెండో గోపురాన్ని ఎత్తడానికి సాహసించలేదని ఊళ్లో చెబుతారు.

భోజనానికి వేయించిన జున్ను ముక్క, బంగాళాదుంపలు, వెల్లుల్లి సూప్ దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. సూప్‌లో మాంసం రసం వాడారా అని అడగడం మంచిది. పులిహోర డబ్బా తెచ్చుకుంటే సెయింట్ బార్బరా వెనుక ద్రాక్షతోటల వైపు కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి.

యైటింక్లైన్_కాలనీ

ఒక చిన్న విషయం. గనిలోకి దిగే ముందు సామాను, పెద్ద సంచులు బయటే పెట్టమంటారు. నాన్నగారి కళ్లద్దాలకు తాడు కట్టించండి, హెల్మెట్ పైకప్పుకు తగిలినప్పుడల్లా అవి జారిపోతాయి. మీకు కుదిరితే గైడుకు ముందే చెప్పండి, ఈయన పెద్ద గనిలో పనిచేసి రిటైరయ్యారు అని. బృందంలో ఆయనను గైడ్ పక్కనే నడవనిస్తారు. అక్కడైతే ప్రశ్నలు అడగడానికి వీలుంటుంది, మీరు అనువదించడానికీ వీలుంటుంది.